ఎడమ పక్క సీటు

నవంబరు 9. తొలి మంచు. నిలవలేదు.

ఆయన ఉదయాన్నే బండికి చలికాలం టైర్లు వేశారు. నాలుగూ తనే. డెబ్బయ్యారేళ్ళ మనిషి, ఒక్కసారి కూడా నడుం పట్టుకోలేదు. తర్వాత డిక్కీలో ఇసుక బస్తాలు రెండు పెట్టారు, వెనక ఇరుసుకి సరిగ్గా పైన పడేలా. "వెనక బరువు లేకపోతే ఇది కుక్కపిల్లలా తోక ఊపుతుంది రిత్సుకో" అన్నారు. ఏటా అనే మాటే. ఇవాళ మూడుసార్లు అన్నారు.

మూడుసార్లు అని రాయకుండా ఉండాల్సింది.

కత్సుమి సెలూన్ మధ్యలో మూసి వచ్చాడు, చూసిపోదామని. మరిది అంటే అలాగే ఉండాలేమో, ఏటా వచ్చి ఏటా అదే వేళాకోళం. "వదినా, ఈ బండిని గాజు బీరువాలో పెట్టుకోవాలి, మంచులో కాదు. రెండు సీట్లు, గుడ్డ కప్పు, పొట్ట నేలకి జానెడు ఎత్తు. తోసేది వెనక చక్రాలే. నా ట్రక్కు చూడు, నాలుగు చక్రాలూ తిరుగుతాయి."

ఆయన బోల్టు బిగిస్తూ తలెత్తలేదు. "నాలుగూ తిరిగితే నాలుగూ కలిసి కాలవలో పడతాయి. నీ బండి అబద్ధాలకోరు. అంతా బాగుంది బాగుంది అంటూ తీసుకెళ్ళి మలుపులో వదిలేస్తుంది. ఇది అలా కాదు. జారబోతున్నానని నడుముకి ముందే చెబుతుంది."

"నీ నడుము నీకు ఇంకా మాటలు చెబుతోందా అన్నయ్యా? నాది ఎప్పుడో మానేసింది."

అందరం నవ్వాం. ముప్ఫై నాలుగేళ్ళు ఈ సముద్రం ఒడ్డు రోడ్డు మీద మంచు తోసే యంత్రం నడిపిన మనిషికి ఓ మంగలి నేర్పుతాడా.

ఈ నోటు పుస్తకం నేనే కొన్నాను. లావు గీతలది. ఎవరూ చదవరు. ఆయన చదివినా


నవంబరు 16. మంచు. సున్నాకి రెండు కింద.

ఈ చలికాలంలో మొదటిసారి హబొరో వెళ్ళాం, సరుకులకి. ఇరవై కిలోమీటర్లు. సున్నా దగ్గర ఉన్నప్పుడే రోడ్డు అన్నిటికన్నా చెడ్డది, చలి ముదిరితే మంచు కిర్రుమంటూ టైరుని పట్టుకుంటుంది. ఇది ఆయన చెప్పగా నాకు తెలిసింది. నాకు తెలిసినవన్నీ ఆయన చెప్పినవే. నేను బండి నేర్చుకోలేదు. పెళ్ళైన కొత్తలో నేర్చుకుంటానంటే "నేనున్నాగా" అన్నారు, సరే అన్నాను.

వంతెన దిగేచోట వెనక భాగం పక్కకి జరిగింది. ఆయన చెప్పినట్టే ముందు నడుముకి తెలిసింది, కుర్చీని ఎవరో కింద నుంచి మెల్లగా లాగినట్టు. ఆయన చేతులు స్టీరింగుని ఇంతంటే ఇంత అటు తిప్పి, మళ్ళీ ఇటు తెచ్చాయి. బ్రేకు తొక్కలేదు. పెడల్ మీద కాలు ఎత్తీ ఎత్తనట్టు ఉంది. బండి తిన్నగా అయిపోయింది. మాట్లాడుతున్న మాట కూడా ఆపలేదు ఆయన.

హబొరో వచ్చాక "ఎడమకి" అన్నాను. తిప్పారు. "ఇంకో ఎడమ, ఎర్ర బోర్డు దగ్గర" అన్నాను. తిప్పారు. పక్కన ఊరికే కూర్చోవడమెందుకు, ఏదో ఒకటి మాట్లాడాలి కదా.


నవంబరు 30. గాలి.

ఆయన క్షవరానికి వెళ్ళారు. తిరిగొచ్చాక కత్సుమి ఫోను చేశాడు.

"వదినా, అన్నయ్య నన్నో మాటడిగాడు. నాన్న లోపలున్నాడా అని."

"మీ అన్నయ్యకి వేళాకోళం ఎక్కువ కదా."

"నాకు తెలిసి నాన్న మీద వేళాకోళం చేసే ధైర్యం ఆయనకి లేదు. నాకూ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది నాన్న పోయి."

కూర పొయ్యి మీదుందని చెప్పి పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.


డిసెంబరు 8. మంచు.

లైసెన్సు వాళ్ళ ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరిలో గడువు. డెబ్బయ్యయిదు దాటినవాళ్ళు ముందుగా జ్ఞాపకశక్తి పరీక్ష రాయాలి. జనవరి 17న, రుమోయి డ్రైవింగు స్కూల్లో. పదహారు బొమ్మలు చూపిస్తారు, దాచేస్తారు, తర్వాత ఏమేం చూశారో రాయమంటారు. ఇవాళ తారీఖెంత, ఏ వారం, టైమెంత అని అడుగుతారు.

ఆయన చదివి, మడిచి, "చిన్నపిల్లల ఆట" అన్నారు. సాయంత్రం మళ్ళీ చదివి, మళ్ళీ అదే మాటన్నారు.


డిసెంబరు 11.

పుస్తకాల షాపులో ఆ పరీక్షకి అభ్యాసాల పుస్తకం దొరికింది. లోపల నాలుగు కట్టల బొమ్మలు. పరీక్షలో ఈ నాల్గింట్లో ఒకటే వస్తుందట. అలాగైతే ఎంత, అరవై నాలుగు బొమ్మలు. కొట్లో అమ్మాయి కాగితం చుట్టనా అంటే చుట్టమన్నాను, రెండు చుట్లు.

ఇది మోసం కాదు. పరీక్షకి చదువుకోవడం అందరూ చేసేదే.


డిసెంబరు 21. తుఫాను.

ఏమీ జరగలేదు.


డిసెంబరు 22. తుఫాను తగ్గింది.

నిన్న ఏమీ జరగలేదు. ఆయన చేతులు ఎప్పటిలాగే ఉన్నాయి. నేనే ఇవాళ మధ్యాహ్నం దాకా పక్క దిగలేదు. చలికి.


జనవరి 1. ఎండ. సున్నాకి తొమ్మిది కింద.

బియ్యపు ముద్దల పులుసు చేశాను. కత్సుమి వచ్చి నాలుగు ముద్దలు తిన్నాడు. ఆయన "ఈ ఏడాది కూడా నన్ను భరించు" అని నాకు తలవంచి మొక్కారు, ఎప్పటిలాగే. కొత్త ఏడాది ఏదో ఆయనకి తెలుసు. తెలుసు. గోడ మీద క్యాలెండరు వైపు చూసి చెప్పారు, అంతే తేడా.


జనవరి 6.

రోజూ భోజనమయ్యాక గంట సేపు బొమ్మలు. ఆయనకి బొమ్మలుగా గుర్తుండటం లేదు. నిన్న ఒకటి తోచింది. రోడ్డుగా చెప్పాను.

"మన ఊరు దాటగానే ఏముంది? పడవల రేవు. రేవులో ఏం పెట్టారు? డప్పు. వంతెన మీద? మిడత కూర్చుంది. గాలిమరలు తిరిగేచోట? వెదురు మొలక. అక్కడ ఆగకండి, పోనివ్వండి. సొరంగం ముందు?"

"పెనం" అన్నారు.

పదహారుకి పదమూడు చెప్పారు. రోడ్డు ఆయనలో ఇంకా ఉంది. దాని మీద ఏం పెట్టినా మోసుకొస్తోంది. నాకు ఎంత సంతోషమైందంటే లేచి వెళ్ళి బియ్యం కడిగాను, ఇందాక కడిగినవే.


జనవరి 13. మంచు.

నాలుగు కట్టలకి నాలుగు రోడ్లు. ఉత్తరానికొకటి, దక్షిణానికొకటి, కిరితాచి కనుమకొకటి, స్టేషను ఉండే రోజుల్లో స్టేషనుకి వెళ్ళే దారొకటి. స్టేషను దారి అన్నిటికన్నా బాగా వస్తోంది. ఆ స్టేషను పీకేసి ముప్ఫై ఏళ్ళు దాటింది.


జనవరి 17. ఎండ. సున్నాకి పదకొండు కింద.

పాసయ్యారు. ఉండాల్సినదానికన్నా రెండు మార్కులు ఎక్కువ.

తారీఖు, వారం బండిలో రుమోయి దాకా చెప్పిస్తూనే ఉన్నాను. స్కూలు గుమ్మం దగ్గర చివరిసారి అడిగాను. "శుక్రవారం, అంతేగా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అని విసుక్కున్నారు. ఆ విసుగు చూసి ప్రాణం లేచొచ్చింది.

తర్వాత స్కూలు బండిలో నడిపి చూపించాలి. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఇన్‌స్ట్రక్టరు పెద్దాయన, జుట్టు నెరిసింది. దిగాక నా దగ్గరికి వచ్చి, "ఈ వయసులో బ్రేకు ఇంత మెత్తగా తొక్కేవాళ్ళని నేను చూడలేదమ్మా. నా కాఫీ తొణకలేదు" అన్నారు. పక్కనుంచి ఈయన, "ఈ బండి ముందు చక్రాలతో లాగుతోంది, ముక్కు పట్టుకుని నడిపించినట్టుంది. మా బండి బయటుంది, చూపిస్తాను రండి" అన్నారు. ఇద్దరూ బయటికెళ్ళి మన బండి చుట్టూ తిరిగారు. వెనక చక్రాల బండిలో ఈ మంచులో ఇంత దూరం వచ్చారా అని ఇన్‌స్ట్రక్టరు ఆశ్చర్యపోయారు. ఈయన డిక్కీ తెరిచి ఇసుక బస్తాలు చూపించారు. బయలుదేరేటప్పుడు మొదటి గేరు కాదు, రెండో గేరు వెయ్యాలని, క్లచ్ మీద కాలు ఊపిరి వదిలినట్టు వదలాలని చెప్పారు.

నా మొగుడు. పక్కన నిలబడి విన్నాను. మళ్ళీ నలభై ఏళ్ళ మనిషిలా ఉన్నారు.

వచ్చేటప్పుడు "ఇప్పుడు మనం ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగారు.

"ఇంటికి" అన్నాను. "తిన్నగా, సముద్రం ఎడమపక్కన ఉంచుకుని."


జనవరి 25.

సెలూన్‌కి వెళ్ళి కత్సుమికి పాసయ్యారని చెప్పాను. వాడు సంతోషించలేదు. కత్తెర పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఎలా పాసయ్యాడు వదినా?"

"ఎలా ఏమిటి? రాసి."

"నువ్వేమైనా చెప్పించావా?"

నేను చీపురు అందుకుని నేల మీద జుట్టు ఊడ్చాను.

"అన్నయ్య చెయ్యి పోలేదు. అది నేనూ ఒప్పుకుంటా, నాకన్నా లక్షరెట్లు మేలు. కానీ చేతులకి దారి ఎవరు చెబుతున్నారు?"

"నేను చెబుతున్నాను."

"నువ్వు లేని రోజు?"

"నేను లేని రోజంటూ లేదు" అన్నాను. నా గొంతు ఎలా వచ్చిందో, అద్దం ముందు కూర్చున్న పెద్దమనిషి సబ్బు నురగతోనే వెనక్కి తిరిగి చూశాడు.

సరుకులకి, డాక్టరుకి తన ట్రక్కులో తీసుకెళ్తానంటాడు. బస్సుంది అంటాడు. బస్సుందని నాకూ తెలుసు. రోజుకి ఆరుసార్లు మా గుమ్మం ముందే ఆగుతుంది.

వాడికి ఎలా చెప్పను. ఇంట్లో ఆయన ఏ డ్రాయరు ఎందుకు తెరిచారో తెలియక అలాగే నిలబడతారు. చొక్కా మీద చొక్కా వేస్తారు. నా వైపు చూసి, పేరు కోసం వెతికి, దొరక్క "ఇదిగో" అంటారు. బండెక్కి తలుపు వేసుకున్నాక అదేదీ ఉండదు. జారే రోడ్డు మీద ఆయన చూపు ఎంత దూరం వెళ్తుందో, ఎంత తీరుబడిగా ఉంటారో. "జారుతున్న వైపు చూడకు రిత్సుకో, వెళ్ళాల్సిన వైపు చూడు. చేతులు కంటి వెంట వస్తాయి." నాకు చెబుతారు, నేనేదో నడపబోతున్నట్టు. అక్కడ నా పేరు మర్చిపోరు.

సరుకులు సరుకులే. వారానికొకసారి చాలు. మేము మూడుసార్లు వెళ్తున్నాం.


ఫిబ్రవరి 8. ఉదయం ఎండ, తర్వాత

రేపు రాస్తాను.


ఫిబ్రవరి 9.

నిన్న జరిగింది రాయాలి.

పదకొండింటికి హబొరో షాపు ముందు బండి పెట్టారు. నేనొక్కదాన్నే లోపలికెళ్ళాను. ఎప్పుడూ అంతే, ఆయన బండిలో రేడియో వింటూ కూర్చుంటారు. తాళం ఆయన దగ్గరే ఉంటుంది, చలి కదా, హీటరు ఉండాలి. ఎప్పుడూ అంతే. పదిహేను నిమిషాలు. ముల్లంగి తీసుకున్నాను, టోఫు, ఉప్పు చేప. వరసలో నా ముందున్న ఆవిడ ఏదో కూపను వెతుక్కుంటోంది.

బయటికొస్తే బండి లేదు.

బండి ఉన్నచోట మంచు మీద ముద్ర ఉంది. సన్న టైర్ల గీతలు వెనక్కొచ్చి, రోడ్డు వైపు తిరిగి, వేరే వాళ్ళ గీతల్లో కలిసిపోయాయి. నేను సంచి పట్టుకుని ఆ గీతల వెంట రోడ్డు దాకా నడిచాను. అక్కడి నుంచి ఎటు అన్నది లేదు. ఎడమకి నడిచాను. వెనక్కొచ్చి కుడికి నడిచాను.

షాపు వాళ్ళ ఫోను నుంచి కత్సుమికి చేశాను. పోలీసు వాళ్ళకి వాడే చేశాడు. పన్నెండయ్యేసరికి సముద్రం మీద నుంచి గాలి లేచింది. ఎదురుగా ఉన్న పెట్రోలు బంకు కనపడలేదు. తెల్లటి గోడ కట్టినట్టు. రోడ్డు అంచు చూపించే ఎర్ర బాణాలు కూడా కనపడవు అలాంటప్పుడు. పోలీసాయన "రంగు? నంబరు? ఆయన ఏ బట్టలేసుకున్నారు?" అని అడిగాడు. రంగు చెప్పాను. నంబరు చెప్పాను. బట్టలు చెప్పాను, రెండు చొక్కాలని కూడా. "ఆయనకి మతిమరుపు ఉందా?" అన్నాడు.

"వయసుకి తగ్గట్టు" అన్నాను.

అప్పుడు కూడా. గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది, బయట ఏమీ కనపడటం లేదు, అప్పుడు కూడా నా నోట్లోంచి అదే వచ్చింది. కత్సుమి అప్పటికి వచ్చి నా పక్కనే ఉన్నాడు. పోలీసాయనతో మెల్లగా, "ఉంది. చాలా ఉంది. రెండేళ్ళ నుంచి" అన్నాడు. నా వైపు చూడలేదు.

షాపు వాళ్ళు కుర్చీ వేశారు. వేడి టీ ఇచ్చారు. చేసేదేమీ లేదు. నేను బండి నడపలేను, గాలిని ఆపలేను. ఆయనకి ఎక్కడికెళ్ళాలో చెప్పేది నేను, నేను ఇక్కడ ఉన్నాను. ముల్లంగి ఆకులు వాడిపోతున్నాయని చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు దాన్నే చూశాను.

మూడున్నరకి ఫోను వచ్చింది. ఒనొదెర. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు కనుమ రోడ్డు మీద మంచు తోసే యంత్రం నడిపేది వాడే.

"వదినగారూ, గురువుగారు నా దగ్గర ఉన్నారు. బాగున్నారు. ఒంటి మీద గీత కూడా లేదు."

"ఎక్కడ?"

"కిరితాచి కనుమ ఎక్కే ముందు, లారీలు చక్రాలకి గొలుసులు వేసుకునే ఖాళీ స్థలం ఉంటుందే, అక్కడ. యాభై కిలోమీటర్లు. ఈ గాలిలో నేనే పాకుతూ వచ్చాను. ఆ చిన్న బండి ఎలా వచ్చిందో దేవుడికి తెలియాలి. రోడ్డుకి అడ్డం లేకుండా, ముక్కు గాలికెదురుగా తిప్పి, లైను మీద పెట్టినట్టు పెట్టారు. పొగగొట్టం చుట్టూ మంచు తవ్వి పెట్టుకున్నారు, లోపలికి పొగ రాకుండా. మేము నేర్చుకున్నదంతా ఆయన దగ్గరే కదా."

"అక్కడికెందుకు వెళ్ళారట?"

ఒనొదెర గొంతు తగ్గించాడు.

"వెళ్ళలేదంటున్నారు. షాపు ముందే ఉన్నానంటున్నారు. మీరు లోపలికెళ్ళారట, ఇంకా రాలేదట. పోదాం రండి గురువుగారూ అంటే, 'ఉండవోయ్, ఆవిడ చేపల దగ్గర నిలబడితే అంతే, వస్తుంది' అంటున్నారు. రానంటున్నారు వదినగారూ. మీరు ఫోనులో చెప్పాలి."

ఫోను ఆయనకిచ్చాడు. నేను "ఏమండీ, సరుకులైపోయాయి" అన్నాను.

"అంతసేపా?" అన్నారు.


ఫిబ్రవరి 10.

కత్సుమి బ్యాటరీ తీగ ఊడదీసి వెళ్ళాడు.


ఫిబ్రవరి 11.

ఆయన రెండు నిమిషాల్లో తిరిగి బిగించారు. "తీగ వదులైంది, పాతబడిందిగా" అన్నారు. ఇప్పుడు కత్సుమి బ్యాటరీనే పట్టుకుపోయాడు.


ఫిబ్రవరి 13. మంచు.

డాక్టరమ్మ సెన్‌గొకు దగ్గరికి వెళ్ళాం, కత్సుమి ట్రక్కులో. ముగ్గురం ఇరుక్కుని. ఆయన దారంతా కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. "మెత్తగా కత్సుమీ, మెత్తగా. గుడ్లమీద నడిచినట్టు."

ఆయన్ని పక్కగదిలో కూర్చోబెట్టి డాక్టరమ్మ నాతో మాట్లాడింది. నాకన్నా ముప్ఫై ఏళ్ళు చిన్నది. "పరీక్ష జనవరిలో పాసయ్యారు కదండీ, జ్ఞాపకశక్తి ఇంత తొందరగా దిగజారదు" అంది.

చెప్పాను. పుస్తకం, నాలుగు కట్టలు, నాలుగు రోడ్లు, వంతెన మీద మిడత. ఆమె రాసుకోవడం ఆపింది. ఎందుకో ఆ మిడత దగ్గర నాకు ఏడుపొచ్చింది.

డిసెంబరు 21 కూడా చెప్పాను. ఇక్కడ రాయనిది ఆమెకి చెప్పాను, కాబట్టి ఇక్కడా రాస్తాను. రుమోయి నుంచి వస్తున్నాం. తుఫాను. ముందు ఏమీ కనపడటం లేదు. ఆయన మెల్లగా, చక్కగా, జారకుండా బండిని రోడ్డు మధ్యలో ఆపారు. దిగారు. తలుపు వేశారు. తెలుపులోకి నడిచి వెళ్ళిపోయారు. పిలిచాను. మంచు ఎంత లోతుందో కొలిచి వస్తానని ఎక్కడి నుంచో కేకేశారు. ఉద్యోగంలో ఉన్నారాయన, యంత్రం దిగి పనిలోకి వెళ్ళారు. నేను ఎడమ పక్క సీట్లో కూర్చుని ఉన్నాను. ఏ మీట నొక్కితే వెనక దీపాలు మిణుకుతాయో తెలియదు. వెనక నుంచి లారీ హారను వినపడింది. ఆగింది. మూరెడు దూరంలో ఆగింది. ఆ లారీ అతను దిగి, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. తిట్టలేదు. మా మొహాలు చూసి తిట్టలేకపోయాడు. నేనేం చేశాను? "మంచు ఎంతుంది?" అని అడిగాను. "మోకాలి లోతు" అన్నారు. "అయితే పోనివ్వండి, సముద్రం ఎడమపక్కన ఉంచుకుని" అన్నాను.

ఆ లారీ ఇంకో మూరెడు జారి ఉంటే. అతనికీ ఇంట్లో ఎవరో ఉంటారు. ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు. డాక్టరమ్మ గదిలో వచ్చింది.

ఆమె మందలించలేదు. "ఎన్నాళ్ళయింది మీరు నిద్రపోయి?" అంది.


మార్చి 3.

ఉత్తరం వచ్చింది. లైసెన్సు రద్దు.

చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"నేను ఎవరినైనా గుద్దానా?"

"లేదు."

"బండి ఎక్కడైనా పల్టీ కొట్టించానా?"

"లేదు. ఒక్క గీత పడలేదు."

"మరి నేనేం చేశాను రిత్సుకో?"

పేరు పెట్టి పిలిచారు. ఇంట్లో. చాలా రోజులకి.

నేను చేశానని చెప్పాను. డాక్టరమ్మకి అంతా చెప్పింది నేనేనని. ఆయన ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టారు. "నువ్వు చెప్పావంటే ఏదో ఉండే ఉంటుంది" అన్నారు.

కోప్పడితే బాగుండేది.


మార్చి 4.

ఉదయం లేవగానే "తాళం ఏది?" అన్నారు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. "నేను ఎవరినైనా గుద్దానా?" అన్నారు.


మార్చి 5.

"నేను ఎవరినైనా గుద్దానా?"


మార్చి 6.

చెప్పాను.


మార్చి 9. ఎండ. కప్పు మీద మంచు కరుగుతోంది.

రోజుకొకసారి ఆయనకి కొత్తగా తగులుతోంది. నాకేమో పాతబడుతోంది. ఇవాళ చెబుతూ చెబుతూ కిటికీలోంచి బట్టలు ఆరాయా అని చూశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

నిన్నటి నుంచి ఆయన బండి ఉండే షెడ్డులోనే. మెత్తటి చీపురుతో గుడ్డ కప్పు మీద మంచు దులుపుతారు. గాలికి ఎగిరొచ్చిన గుప్పెడు మంచు. లోపల కూర్చుని తాళం కోసం జేబులు వెతుక్కుంటారు. బయటికొచ్చి నన్నడుగుతారు. బండి కళ్ళెదురుగా ఉన్నంతకాలం ఇంతే అన్నాడు కత్సుమి. వాడి గొంతులో ఈసారి వేళాకోళం లేదు. అమ్మేద్దామన్నాను. నేనే అన్నాను. రుమోయిలో పాత బండ్లు కొనే కుమగాయికి ఫోను కత్సుమి చేశాడు.


మార్చి 15. రాత్రి మంచు పడి ఉదయానికి ఆగింది. సున్నాకి ఒకటి కింద.

కుమగాయి పదింటికి వచ్చాడు, బండ్లు మోసే లారీ వేసుకుని. నలభై ఏళ్ళుంటాయి. మర్యాదస్తుడు. కత్సుమి సెలూన్ వదిలి రాలేకపోయాడు. రాలేకపోయాడో, చూడలేకపోయాడో.

ఆయన్ని లోపల టీవీ ముందు కూర్చోబెట్టాను. కమలాపండు వలిచి ఇచ్చాను.

కుమగాయి తను తెచ్చిన బ్యాటరీ బిగించి ఇంజను వేశాడు. ఆ చప్పుడుకి నేను లోపలికి చూశాను. ఆయన పండు తింటున్నారు.

రోడ్డు యంత్రం తెల్లవారుజామున వెళ్తూ వెళ్తూ మా వాకిలి నోటికి అడ్డంగా మంచు గట్టు వదిలింది, ఎప్పుడూ వదిలేదే. కుమగాయి పారతో కొంత తీసి, ఇది చాలనుకున్నాడు. చాలలేదు. ముందు చక్రాలు గట్టు ఎక్కాయి, పొట్ట దాని మీద ఆనింది. వెనక చక్రాలు అద్దం మీద తిరిగినట్టు తిరిగాయి. గట్టిగా తొక్కాడు. వెనక భాగం పక్కకి జారి షెడ్డు స్తంభానికి బెత్తెడు దూరంలో ఆగింది. మళ్ళీ తొక్కబోయాడు.

"ఆపు."

ఆయన గుమ్మంలో ఉన్నారు. ఇంట్లో తిరిగే చెప్పులతోనే దిగి వచ్చారు. నేను అడ్డం వెళ్ళలేదు. వెళ్ళాల్సిందేమో.

"అలా తొక్కితే గొయ్యి తవ్వుతుంది, బండి రాదు" అన్నారు కుమగాయితో, ఎంతో ఓపిగ్గా. పార తీసుకుని వంగి, పొట్ట కింద మంచు లాగేశారు. డిక్కీ తెరిచి, వెతక్కుండా ఒక ఇసుక బస్తా లాగి, కట్టు విప్పి, రెండు చక్రాల ముందు గుప్పెడు గుప్పెడు చల్లారు. మిగిలింది లోపల పెట్టేశారు. బరువు అక్కడే ఉండాలి కదా.

"కొంచెం దిగుతారా?"

కుమగాయి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. మా వాకిలి మాదే. పది అడుగులు.

ఆయన కూర్చున్నారు. సీటు జరుపుకోలేదు, ఆయన కొలతకే ఉంది. కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి, మళ్ళీ వెనక్కి, ఊయల ఊపినట్టు. మూడోసారికి ఇంజను గొంతు పెరగనేలేదు, బండి గట్టు దాటి లారీ పలక ముందు తిన్నగా నిలబడింది. అక్కడితో ఆగలేదు. పలక మీదికి కూడా ఎక్కించారు. చక్రాలు రెండు గాడుల్లో సరిగ్గా పడ్డాయి. ఇంజను ఆపి, దిగి, తలుపు మెత్తగా వేసి, గుడ్డ కప్పు మీద చెయ్యి పెట్టారు.

"మంచి బండి" అన్నారు కుమగాయితో. "క్లచ్ చూడండి, ఎంత మెత్తగా ఉందో. నడిపినవాడికి పని తెలుసు."

కుమగాయి గొలుసులు బిగించడం మొదలుపెట్టాడు. వంచిన తల ఎత్తలేదు.

అప్పుడు ఆయన నా వైపు తిరిగారు. చెప్పుల్లో మంచు పోయి పాదాలు ఎర్రబడ్డాయి.

"ఎవరిదండీ ఈ బండి?"

నన్నే. నలభై ఎనిమిదేళ్ళలో ఒక్కనాడు కూడా నన్ను అండీ అనలేదు.

"మా ఆయనదండీ" అన్నాను.

"ఇంక నడపరా ఆయన?"

"నడపరు."

"అయ్యో" అన్నారు. నిజంగా బాధపడ్డారు, మొహం అంతా మారింది. "ఈ మంచులో వెనక చక్రాల బండి ఇంత శుభ్రంగా ఉంచుకోవడం అందరివల్లా కాదు. మంచి చెయ్యి ఆయనది. నేనన్నానని చెప్పండి."

చెబుతానన్నాను.